300 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుపోయిన గ్రాఫిక్స్ కార్డు: నా పదకొండు రోజుల అనుభవం

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నాకు ఊపిరాడదు. హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. సొంత స్టూడియో ఏమీ లేదు, ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్లు షూట్ చేసి హార్డ్ డిస్క్ పంపిస్తే ఇంట్లో కూర్చుని కట్ చేసి, కలర్ చేసి, పాటలేసి ఇస్తాను. ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, 2020లో కొన్నది. ఐ5 9300హెచ్ ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్. పెద్ద మిషనేమీ కాదు గానీ డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నా పని ఆగకుండా నడిపిస్తుంది. నాలుగు నిమిషాల టీజర్ ఎక్స్‌పోర్ట్ కొడితే ఆరు నిమిషాల్లో అయిపోయేది, ఆ ఆరు నిమిషాల్లో కిందికి వెళ్లి టీ తాగి రావడం నాకు అలవాటు.

ఆ రోజు టీ తాగి, అమ్మ చెప్పిన కొత్తిమీర కూడా కొనుక్కొచ్చి చూస్తే ఇంకా 38 శాతం దగ్గరే ఉంది. మొత్తం అయ్యేసరికి 37 నిమిషాలు పట్టింది. ఏదో ఎఫెక్ట్ ఎక్కువ వేశానేమో అనుకుని టైమ్‌లైన్ ప్లే చేశాను. అదీ అంతే. పంతులుగారు చెయ్యి విసిరాక అక్షింతలు గాల్లో రెండు సెకన్లు ఆగి, తర్వాత పెళ్లికూతురి తల మీద ఒక్కసారిగా ప్రత్యక్షమవుతున్నాయి. నిన్నటిదాకా ఇదే క్లిప్పు, ఇదే ప్రాజెక్టు, వెన్నలా నడిచింది.

టాస్క్ మేనేజర్ తెరిచాను. గ్రాఫిక్స్ 100 శాతం అని ఉంది. అది చూసి 'పాపం అది పూర్తిగా కష్టపడుతోంది, నా ప్రాజెక్టే బరువెక్కింది' అని ఒక పూటంతా ఎఫెక్టులు తీస్తూ, ప్రాక్సీలు, అంటే క్లిప్పులకు తేలికపాటి నకళ్లు, చేసుకుంటూ కూర్చున్నాను. ఆ 100 శాతం అనేది ఎంత సేపు ఖాళీ లేకుండా ఉందో చెప్పే లెక్కే తప్ప ఎంత వేగంగా చేస్తోందో చెప్పే లెక్క కాదని నాకు అప్పటికి తెలియదు. నడిచేవాడూ పరిగెత్తేవాడూ ఇద్దరూ ఎక్కడా ఆగకుండా వెళ్తుంటే ఇద్దరికీ 100 శాతమే. పక్కనే ఉష్ణోగ్రత 46 డిగ్రీలు అని కూడా ఉంది, దాన్ని చూశాను గానీ పట్టించుకోలేదు. మామూలుగా రెండర్ (వీడియో తయారయ్యే పని) నడుస్తుంటే ఇది 74, 75 దగ్గర ఉంటుంది, ఫ్యాను మోత పక్క గదిలోకి వినిపిస్తుంది. 100 శాతం పని చేస్తూ 46 డిగ్రీలంటే అది పని చేస్తున్నట్టు కాదు, కానీ ఆ రోజు బుర్రకు ఎక్కలేదు.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, రాత్రుళ్లు నేను పడుకున్నాక ఇదే ల్యాప్‌టాప్‌లో గేమ్స్ ఆడతాడు. "అన్నా, నాకు కూడా గేమ్ మొన్నటి నుంచి తొమ్మిది ఎఫ్‌పీఎస్ వస్తుంది, నువ్వేమో చేసినవనుకున్న" అన్నాడు. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే లెక్క. ఇద్దరం ఒకరి మీద ఒకరు అనుమానంతో ఉన్నామన్నమాట. వాడే జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం వేసి సెన్సార్ల పేజీ చూపించాడు. కోర్ క్లాక్, అంటే గ్రాఫిక్స్ చిప్పు పనిచేసే వేగం, 300 మెగాహెర్ట్జ్. రెండర్ ఆపినా 300, నడిపినా 300. ఈ కార్డు ఖాళీగా ఉన్నప్పుడు 300కి దిగడం మామూలే, కరెంటు ఆదా కోసం అట్లాగే దిగుతుంది. పని పడగానే మాత్రం లేవాలి. నా దాంట్లో ఉన్న జీడీడీఆర్5 మెమరీ రకానికి కంపెనీ చెప్పే బేస్ క్లాక్ (మామూలు వేగం) 1395, బూస్ట్ (పని పడితే చేరే వేగం) 1560, చల్లగా ఉంటే 1700 దాటడం కూడా నేను చూశాను. అట్లాంటిది 300 దగ్గర గీత గీసినట్టు నిలబడిపోయింది. మెమరీ క్లాక్ మాత్రం పని పడగానే పైకి వెళ్తోంది. కోరే కదలడం లేదు.

ఇక మొదలైంది నా దండయాత్ర. ముందు డ్రైవర్ మీద, అంటే విండోస్‌కీ కార్డుకీ మధ్య మాట మోసే ప్రోగ్రాం మీద, పడ్డాను, ఎందుకంటే ఏ సమస్యకైనా ముందు డ్రైవర్‌ను తిట్టడం మనందరికీ అలవాటు. మామూలుగా తీసేస్తే ముక్కలు మిగిలిపోతాయని డీడీయూ అనే డ్రైవర్లు తుడిచే ప్రోగ్రాంతో సేఫ్ మోడ్‌లో మొత్తం తుడిచేశాను. వైఫై ఆపేసి చేశాను, లేకపోతే మనం కొత్తది వేసేలోపే విండోస్ తనకు నచ్చిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది. కొత్త డ్రైవర్ వేశాను, 300. ఆరు నెలల కిందటిది వేశాను, 300. విండోస్ అప్‌డేట్ వెనక్కి తిప్పాను. పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్ చేశాను. కార్డు కంపెనీ ఎన్విడియా వాళ్ల కంట్రోల్ ప్యానెల్లో 'ప్రిఫర్ మ్యాగ్జిమం పెర్ఫార్మెన్స్' పెట్టాను. చార్జింగ్ లేనప్పుడు గేమ్ వేగం తగ్గించే బ్యాటరీ బూస్ట్ అనేది ఒకటుంటుంది, అదీ ఆపేశాను. రెండు రాత్రులు పోయాయి, 300 మాత్రం 300లాగే ఉంది.

నాలుగో రోజు వెనక మూత విప్పాను. ఎందుకు విప్పానో ఇప్పుడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. 46 డిగ్రీలు చూపిస్తున్న చిప్పుకి, వేడిని బయటికి లాగే పేస్టు కొత్తగా పూయడమంటే జ్వరం లేనివాడి నుదుటి మీద తడిగుడ్డ వేసినట్టే. కానీ ఎక్కడ చూసినా 'పేస్టు మార్చండి, దుమ్ము దులపండి' అనే ఉంటుంది కదా, చేతులు ఊరుకోవు. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, హీట్ సింక్ (చిప్పు వేడి లాగే లోహపు దిమ్మ) మీద అంకెలు వేసి ఉన్న స్క్రూలు ఆ వరసలోనే కొంచెం కొంచెం వదులు చేసి లేపితే, పాత పేస్టు గోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఫ్యాను రెక్కల వెనక, రాగి రేకుల ముందు, బూడిద రంగు కంబళి ముక్కలాంటిది ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది, ట్వీజర్‌తో పట్టుకుని లాగితే చింపకుండానే మొత్తం ఒక్క ముక్కగా వచ్చింది. ఐదేళ్ల దుమ్ము. అది చూసి ఇదే దోషి అని తమ్ముడికి ఫొటో కూడా పంపాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపు గింజంత పేస్టు పెట్టి, మళ్లీ బిగించి ఆన్ చేశాను. 46 కాస్తా 41 అయింది. క్లాక్ 300.

అప్పటికి రెండు పెళ్లిళ్ల డెలివరీ ఆగి ఉంది, ఫొటోగ్రాఫర్ అన్న రోజుకు మూడుసార్లు ఫోన్. "తమ్మీ, పెళ్లయి నెలైతుంది, అమ్మాయి అత్తగారింటికి కూడా పోయింది, టీజరన్నా ఇయ్యి" అని. టెన్షన్ తట్టుకోలేక ఊళ్లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. ఆయన ఆన్ చేసి, మూత విప్పి, చిప్పు పక్కన వేలు పెట్టి చూసి పది నిమిషాల్లో తేల్చేశాడు: గ్రాఫిక్స్ చిప్పు పోయింది, రీబాల్ చేయాలి, అంటే చిప్పు లేపి కింద టంకం గుండ్లు కొత్తగా వేసి మళ్లీ అతికించాలి, 6,500, గ్యారంటీ మాత్రం అడగొద్దు, లేదంటే బోర్డు మార్చాలి, 24 వేలు. నేను అడిగింది ఒక్కటే, "చిప్పు పోతే డిస్‌ప్లేలో గీతలో, మిషను హ్యాంగవ్వడమో ఉండాలి కదన్నా, ఇది నెమ్మదిగానైనా తప్పు లేకుండా రెండర్ చేస్తోంది కదా" అని. "అట్ల కూడా అయితయి" అన్నాడు. డబ్బుల్లేక తిరిగొచ్చాను గానీ తెలివితో కాదు, అది ఒప్పుకోవాలి. జేబులో 6,500 ఉంటే ఆ రోజే ఇచ్చేవాణ్ని.

ఆరో రోజు ఒక అద్భుతం జరిగింది. చార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటంతా పోయి, పవర్‌నీ ఫ్యాన్లనీ చూసుకునే చిన్న కంట్రోలర్ మొదటి నుంచి లేస్తుందని విన్నాను. అట్లాగే చేశాను. మళ్లీ అన్నీ కలిపి చార్జర్ పెట్టి ఆన్ చేస్తే క్లాక్ 1725! టీజర్ ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఆ ఆనందంలో అన్నకు ఫోన్ చేసి "రేపు పొద్దున పూర్తి వీడియో ఇచ్చేస్తా" అని మాట కూడా ఇచ్చేశాను. అన్నం తిని, టేబుల్ మీద వేడిగా ఉందని ల్యాప్‌టాప్ తీసుకెళ్లి మంచం పక్క స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నా. 300. మళ్లీ బటన్ నొక్కి పట్టుకున్నాను, ముప్పై సెకన్లు కాదు, రెండు నిమిషాలు. 300. అదే పని నాలుగుసార్లు చేశాను, ఒక్కసారి మళ్లీ పనిచేసింది, మిగతా మూడుసార్లు చేయలేదు. ఇట్లా ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోవడమంత నరకం ఇంకోటి లేదు. పూర్తిగా చచ్చిపోతే ఏడ్చి ఊరుకుంటాం.

బెంగళూరులో నా ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడి ఆఫీసులో గ్రాఫిక్స్ కార్డులతోనే పని. వాడికి ఫోన్ చేసి ఏడుపంతా వెళ్లగక్కితే, వాడు అన్నీ విని ఒక్కటే అడిగాడు: "ఎందుకు తగ్గిస్తున్నావని కార్డునే అడిగినవారా?" డ్రైవర్‌తో పాటే ఎన్విడియా-ఎస్ఎంఐ అనే చిన్న కమాండ్ ప్రోగ్రాం వస్తుంది, నల్ల తెరలో నడుస్తుంది. దాన్ని పెర్ఫార్మెన్స్ వివరాలు అడిగితే క్లాక్ ఎందుకు తగ్గిందో కారణాల పట్టీ ఇస్తుంది, ఒక్కో కారణం ఎదురుగా యాక్టివ్, నాట్ యాక్టివ్ అని. ఖాళీగా ఉండటం వల్లా, డ్రైవర్ పెట్టిన పవర్ పరిమితి వల్లా, వేడి వల్లా, లేక బయటి నుంచి ఎవరైనా బ్రేకు వేశారా అని. రెండర్ నడుపుతూ అడగాలి, ఊరికే ఉన్నప్పుడు అడిగితే 'ఖాళీగా ఉన్నా' అంటుంది, అది మనకి పనికొచ్చే జవాబు కాదు.

నాకు వచ్చింది ఇది. పెర్ఫార్మెన్స్ స్టేట్ పీ0, అంటే పూర్తి వేగంతో పరిగెత్తమని డ్రైవర్ అనుమతి ఇచ్చేసింది. ఐడిల్: నాట్ యాక్టివ్. హార్డ్‌వేర్ థర్మల్ స్లోడౌన్: నాట్ యాక్టివ్. హార్డ్‌వేర్ స్లోడౌన్: యాక్టివ్. దాని కిందే హార్డ్‌వేర్ పవర్ బ్రేక్ స్లోడౌన్: యాక్టివ్.

"చూసినవా, డ్రైవర్ తప్పు లేదు, వేడి తప్పు లేదు, కార్డు కూడా బాగానే ఉంది. మదర్‌బోర్డు నుంచి ఒక తీగ మీద ఎవరో బ్రేకు తొక్కి పట్టుకున్నరు. పవర్ సంగతి చూడు" అన్నాడు. నేను నాలుగు రోజులు చేసినవన్నీ ఆ రెండు లైన్లతో కొట్టుకుపోయాయి. మొదటి రోజే ఇది అడిగి ఉంటే కనీసం ఆ పేస్టు డబ్బులన్నా మిగిలేవి.

వాడే ఇంకోటి చూడమన్నాడు, ప్రాసెసర్ వేగం ఎంతుందని. టాస్క్ మేనేజర్‌లో ఎప్పుడూ గ్రాఫిక్స్ పేజీయే చూస్తున్నా కదా, పైన సీపీయూ పేజీ తెరిస్తే 0.79 గిగాహెర్ట్జ్. 2.4 దీని బేస్, 4.1 దాకా పోగలదు. అంటే రెండింటి మెడ మీదా ఒకేసారి కాలు పెట్టారు. థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రాంలో బీడీ ప్రోచాట్ అనే గడి ఎర్రగా వెలుగుతోంది. ప్రాసెసర్ మరీ వేడెక్కినప్పుడు 'నేను కాలిపోతున్నా' అని చెప్పడానికి ఒక తీగ ఉంటుంది, ఆ తీగను ల్యాప్‌టాప్‌లో ఇంకెవరైనా కూడా లాగి 'నువ్వు తగ్గు' అని ప్రాసెసర్‌కి చెప్పొచ్చు. ఆ రెండో దారే ఇది. ఆ గడిలో టిక్కు తీసేస్తే ప్రాసెసర్ వెంటనే 3.8కి లేచింది, విండోస్ కొంచెం ప్రాణం పోసుకుంది. గ్రాఫిక్స్ మాత్రం 300 దగ్గరే. ఆ టిక్కు తీసి అట్లాగే వాడుకోవద్దని ఫ్రెండ్ గట్టిగా చెప్పాడు, కారణం తెలియకుండా బ్రేకు తీగ కోసేసుకున్నట్టు అవుతుందని. మళ్లీ పెట్టేశాను.

ఎనిమిదో రోజు సాయంత్రం ఏడింటికి మా గల్లీలో కరెంటు పోయింది. మాకు ఇన్వర్టర్ లేదు. గదంతా చీకటి, స్క్రీన్ మీద తలంబ్రాలు పోసుకుంటున్న జంట ముక్కలు ముక్కలుగా నడుస్తోంది, నేను ఫోన్ లైటు కోసం తడుముకుంటున్నాను. అంతలో ఫ్యాను గుర్రుమంది. వారం రోజుల నుంచి నోరు విప్పని ఫ్యాను. తలెత్తి చూస్తే తలంబ్రాల బియ్యం చక్కగా, ఒక్క తడబాటు లేకుండా దోసిళ్ల నుంచి జారుతున్నాయి, పక్కన పెద్దమ్మ నవ్వు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. క్లాక్ 1,100 దాటింది. బ్యాటరీ మీద! చార్జర్ లేకుండా ఇట్లాంటి ల్యాప్‌టాప్‌లు మామూలుగా తగ్గి నడుస్తాయి, ఇది చార్జర్ పోయాక లేచి పరిగెడుతోంది. అరగంట తర్వాత కరెంటు వచ్చింది, ట్యూబ్‌లైటు వెలిగింది, ఫ్యాను మూగబోయింది, 300.

ఆ రాత్రి నేను చేసిన పని ఒక్కటే: చార్జర్ పీకడం, పెట్టడం. పీకితే 1,100. పెడితే 300. ఇరవై సార్లు చేసి ఉంటాను, అమ్మ వచ్చి "అది ఊడిపోతదిరా" అనేదాకా. బ్యాటరీ మీదే ఒక టీజర్ ఎక్స్‌పోర్ట్ కూడా కానిచ్చాను. దాంతో చార్జింగ్ 57 శాతానికి దిగింది. చార్జర్ పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే 57.

ఇక్కడ నా బ్యాటరీ కథ చెప్పాలి. ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి పనిచేస్తాను కాబట్టి బ్యాటరీ ఉబ్బకుండా ఉంటుందని బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే, ల్యాప్‌టాప్ సొంత సెట్టింగుల పేజీ) 60 కిందికి దిగితే చార్జింగ్ మొదలుపెట్టు, 80 రాగానే ఆపు అని ఎప్పుడో సెట్ చేసి పెట్టాను. అందుకే ఈ వారమంతా '71 శాతం, ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్' అని కనిపిస్తున్నా నాకు అనుమానం రాలేదు. 60కి 80కి మధ్యలో ఉంది కదా, చార్జ్ కాకపోవడమే కరెక్టు. నేను తెలివిగా పెట్టుకున్న సెట్టింగే అసలు రోగాన్ని కప్పేసింది. 57కి దిగాక మాత్రం చార్జ్ అవ్వాలి. కాలేదు. ఆ సెట్టింగ్ ఏమైనా చెదిరిందేమో అని బయోస్‌లోకి వెళ్లాను. సెట్టింగ్ సరిగ్గానే ఉంది. ఆ పేజీలోనే కింద, ఐదేళ్లలో నేను ఒక్కసారి కూడా చదవని ఒక లైను: ఏసీ అడాప్టర్ రకం, అన్‌నోన్.

నా చార్జర్ మీద 130 వాట్లు అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది, 19.5 వోల్టులు, 6.7 ఆంపియర్లు. ల్యాప్‌టాప్‌కి మాత్రం అదెవరో తెలియదంటోంది.

తమ్ముణ్ని పిలిచి చూపించాను. వాడు ఆ లైను చూసి, నా ముఖం చూసి, మళ్లీ లైను చూశాడు. "అన్నా... మొన్న శుక్రవారం రాత్రి ఆన్ చేసినప్పుడు ఏదో మెసేజ్ వచ్చింది. అడాప్టర్ ఏదో అని. కింద ఒక బటన్ నొక్కితే మళ్లీ చూపించం అని ఉంటే నొక్కిన" అన్నాడు. "చదవలేదా?" అంటే "మ్యాచ్ టైమయితుండె" అన్నాడు. నేనేమో మూత మూసి స్లీప్‌లో పెట్టడమే తప్ప షట్‌డౌన్ చేసే అలవాటున్న మనిషిని కాదు, కాబట్టి నాకు ఆ మెసేజ్ వచ్చే అవకాశమే లేదు. తర్వాత ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా వాడు నోరు నొక్కేశాడు కాబట్టి అది మళ్లీ మాట్లాడలేదు. తిడదామనుకున్నాను గానీ, టాస్క్ మేనేజర్‌లో 46 డిగ్రీలు చూసి కూడా వదిలేసినవాణ్ని, ఏ ముఖంతో తిట్టను.

సంగతేంటంటే ఇట్లాంటి చార్జర్ పిన్నులో రెండు తీగలు కాదు, మూడు ఉంటాయి. బయటి గొట్టం పైభాగం నెగెటివ్, లోపలి భాగం 19.5 వోల్టులు, సరిగ్గా మధ్యలో సూది మొనంత సన్నగా నిలబడి ఉండే పిన్ను మూడోది. దాంట్లో కరెంటు సరఫరా ఏమీ ఉండదు, అది మాట్లాడే తీగ. చార్జర్ లోపల చిన్న మెమరీ చిప్పు ఒకటుంటుంది, అందులో 'నేను 130 వాట్ల వాణ్ని' అని రాసి ఉంటుంది, ల్యాప్‌టాప్ ఆ సన్నపిన్ను ద్వారా దాన్ని చదువుతుంది. చదవగలిగితే ప్రాసెసర్‌కి, గ్రాఫిక్స్‌కి, బ్యాటరీ చార్జింగ్‌కి లెక్క ప్రకారం పంచుతుంది. ఈ ప్రాసెసర్ 45 వాట్ల రకం, బూస్ట్‌లో ఇంకా ఎక్కువ తాగుతుంది, గ్రాఫిక్స్ ఇంకో 50, ఆ పైన స్క్రీన్, బ్యాటరీ. చదవలేకపోతే వచ్చినవాడు 45 వాట్ల పిల్లవాడేమో, ఇంత భారం వేస్తే కాలిపోతాడేమో అని జాగ్రత్త పడి, బ్యాటరీ చార్జింగ్ ఆపేసి అందరినీ తొక్కి పెడుతుంది. కరెంటు మాత్రం మామూలుగానే వస్తుంటుంది, లైటు వెలుగుతుంది, ల్యాప్‌టాప్ నడుస్తుంది, అందుకే చార్జర్ మీదికి ఎవరి అనుమానమూ పోదు. అన్ని కంపెనీలూ ఇదే పద్ధతి వాడవు, టైప్-సీ చార్జర్లలో అయితే వోల్టేజీ ఎంత, ఆంపియర్లు ఎంత అని రెండూ మాట్లాడుకుని ఒప్పందానికి వస్తాయి. మాట కుదరకపోతే మాత్రం అక్కడా తక్కువ పవర్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఫోన్ టార్చి వేసి పిన్ను చూశాను. సన్నపిన్ను వంగలేదు, నిటారుగానే ఉంది. ఊడిపోయింది కూడా కాదు. అప్పుడు బయోస్ పేజీ తెరిచి పెట్టుకుని వైరు పట్టుకుని కొంచెం కొంచెం వంచుతూ వెళ్లాను. పిన్ను నుంచి రెండు అంగుళాల దగ్గర, రబ్బరు మెడ అయిపోయే చోట వైరును పైకి ఎత్తి పట్టి, పేజీలోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్తే 130 వాట్లు. వదిలేసి చూస్తే అన్‌నోన్. ఎత్తితే 130. అక్కడ రబ్బరు మీద వెంట్రుకంత పగులు ఉంది, గోరు పెడితే తప్ప తెలియదు. లోపల లావు తీగలు బాగానే ఉన్నాయి, మాట్లాడే సన్నతీగ మాత్రం తెగి, వైరు వంపును బట్టి అంటుకుంటూ ఊడుతూ ఉంది. పని అయిపోగానే వైరును అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టి, చివరి మడత దగ్గర ఇంకా లాగి టక్కున తోసేవాణ్ని. ఐదేళ్లు రోజూ అదే చోట మడత. ఆరో రోజు అద్భుతం ఏమిటో కూడా అప్పుడు అర్థమైంది. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం వల్ల బాగు కాలేదు, అన్నీ పీకి మళ్లీ పెట్టినప్పుడు వైరు ఆ వంపులో కూర్చుంది, అంతే. మంచం దగ్గరికి తీసుకెళ్లగానే వంపు మారింది.

తప్పు వైరుదేనా, లేక ల్యాప్‌టాప్ సాకెట్‌దా అని ఒక అనుమానం మిగిలింది. పక్క వీధిలో మా చిన్నాన్న కొడుకు దగ్గర అదే కంపెనీది, అదే పిన్ను ఉన్న 65 వాట్ల చార్జర్ ఉంది. తెచ్చి పెడితే బయోస్‌లో 65 వాట్లు అని కరెక్టుగా చూపించింది. అది మన పనికి చాలదు, కానీ సాకెట్, బోర్డు రెండూ బాగున్నాయని రుజువు చేసింది. 24 వేల బోర్డు ఆ నిమిషంలో రద్దయింది.

పదకొండో రోజు కాజీపేటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాను, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని. ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు, కంప్యూటర్ సామాను కావాలంటే మా వైపు వాళ్లందరికీ ముందు గుర్తొచ్చేది అదే. ఒక షాపులో అడిగితే ఆయన దాపరికం లేకుండా రెండు డబ్బాలు తీసి ముందు పెట్టాడు. "ఇది డూప్లికేటు, 1,100, గుర్తుపడితే పట్టొచ్చు, లేకపోతే లేదు. ఇది ఒరిజినల్, 3,200." నేను డబ్బులు తీయకుండా ల్యాప్‌టాప్ తీశాను. అక్కడే కౌంటర్ మీద బయోస్ తెరిచి డూప్లికేటు పెట్టి చూస్తే అన్‌నోన్. ఒరిజినల్ పెడితే 130 వాట్లు. 1,100 దానికి ఆశపడి ఇంటికి తెచ్చుకుని ఉంటే మళ్లీ 300 దగ్గరే కూర్చునేవాణ్ని, పైగా కొత్త చార్జర్ కూడా పనిచేయలేదు కాబట్టి చిప్పే పోయిందని నమ్మేవాణ్ని. ఎవరైనా చార్జర్ కొనేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. వోల్టులు, వాట్లు, పిన్ను సైజు మూడూ కలిసినా సరిపోదు, అది నోరు తెరిచి తన పేరు చెబుతోందో లేదో చూసుకోవాలి.

ఆ షాపులోనే నిలబడి ఒక టీజర్ ఎక్స్‌పోర్ట్ కొట్టాను. 1740, ఒక దశలో 1755. షాపాయన "వేడెక్కుతుంది తమ్ముడూ" అంటే ఎంత సంతోషమేసిందో. ఇంటికొచ్చాక ఆ రాత్రి ఆగిపోయిన రెండు పెళ్లిళ్లూ వరసగా రెండర్‌కి పెట్టేశాను. ఫ్యాను మోతకి తమ్ముడు దిండు తీసుకుని హాల్లోకి పోయాడు. కొత్త పేస్టు పుణ్యమా అని ఇప్పుడు రెండర్లో 68 దాటడం లేదు, పాపం ఆ డబ్బులు పూర్తిగా వృథా కాలేదు. కంట్రోల్ ప్యానెల్లో పెట్టిన మ్యాగ్జిమం పెర్ఫార్మెన్స్ తీసేసి మామూలుకు తెచ్చాను, థ్రాటిల్‌స్టాప్ కూడా తీసేశాను. పాత చార్జర్‌ను బస్టాండ్ దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయనకు ఇస్తే, పగులు ఉన్న చోటు కోసేసి, కొత్త పిన్ను ముక్క తెప్పించి మూడు తీగలూ కలిపి 200 తీసుకున్నాడు. బయోస్‌లో 130 వాట్లు అనే వస్తోంది. ఈ పని ముందే చేయించి ఉంటే 3,200 మిగిలేవి, కానీ ఆ పెద్దాయన సంగతి సికింద్రాబాద్ నుంచి వచ్చాక తెలిసింది. ఇప్పుడు ఒకటి టేబుల్ దగ్గర, ఒకటి మంచం దగ్గర. రెండింటినీ పెద్ద చుట్టలుగా వదులుగా చుట్టి మేకుకి వేలాడదీస్తున్నాను.

బయోస్‌లో అడాప్టర్ హెచ్చరికలు అనే టిక్కు మళ్లీ పెట్టాను. ఏ మెసేజ్ వచ్చినా నొక్కే ముందు ఫొటో తీసి నాకు పంపమని తమ్ముడికి చెప్పాను. పంపుతున్నాడు. నిన్న రాత్రి ఒంటి గంటకు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది: 'అప్‌డేట్లు పూర్తయ్యాయి, అంతా సిద్ధం' అని విండోస్ చూపించే నీలం తెర. కింద వాడి ప్రశ్న, "నొక్కాలా అన్నా?"